రిపోర్టు చేసిన సిస్టర్‌కి ఆ తర్వాత ఏమైంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. విజయనగరంలో 80 పడకల ప్రైవేటు ఆస్పత్రి. ఆస్పత్రుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపుకు అప్లై చేస్తున్నారని నాలుగు నెలల క్రితం మిమ్మల్ని క్వాలిటీ ఇన్‌ఛార్జిగా వేశారు. తప్పులూ, కొద్దిలో తప్పిపోయిన ప్రమాదాలూ రాసి వేయమని నర్సింగ్ స్టేషన్ పక్కన ఒక పెట్టె పెట్టారు. ఇప్పటికి వచ్చినవి మూడే చీటీలు. రెండు క్యాంటీన్ టీ గురించి. మూడోది పేరు లేకుండా: "రాత్రి డాక్టర్ గారు ఫోన్‌లో చెప్పిన డోసు సరిగ్గా వినపడలేదు, మళ్లీ అడిగితే తిడతారని ఇచ్చేశాం, పేషెంట్‌కి ఏమీ కాలేదు." చీటీలు రాకపోతే మన దగ్గర తప్పులు లేనట్టేగా అని మీ ఎండీ, అంటే మేనేజింగ్ డైరెక్టర్ గారు సంతోషించారు. రాయనివాళ్లకు ఫైన్ వేస్తే రాస్తారా అని మీరు అడుగుతున్నారు.

ఫైన్ వద్దు. వేస్తే చీటీలు వస్తాయి, మనిషికి నెలకొకటి చొప్పున లెక్క సరిపోయేలా వస్తాయి. అన్నీ ఫ్యాన్ తిరగడం లేదనే ఉంటాయి.

నేను పలాస వైపు ఒక 60 పడకల ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. మొత్తం 26 ఏళ్లు. ట్రైనింగులకు చాలా వెళ్లాను, సర్టిఫికెట్లు ఒక ఫైలు నిండా ఉన్నాయి. కానీ మీకు చెప్పాల్సింది వాటిలో లేదు. నేను స్వయంగా చేసిన ఒక తప్పులో ఉంది.

2018 భోగికి ముందు రాత్రి. సగం స్టాఫ్ ఊళ్లకు వెళ్లిపోయారు. మేల్ వార్డులో 24 మంది పేషెంట్లకు ఒక సిస్టర్, ఒక ఆయమ్మ. ఉద్దానం నుంచి వచ్చిన కిడ్నీ పేషెంట్‌కి జ్వరం, యాంటీబయాటిక్ ఇవ్వాలి. పొడి మందు, డిస్టిల్డ్ వాటర్‌లో కలపాలి. సిస్టర్ ట్రేలోంచి ఒక ప్లాస్టిక్ ఆంప్యూల్ తీసి మూతి తిప్పింది. పక్కన దుప్పటి సర్దుతున్న ఆయమ్మ, ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మనిషి, "అమ్మగోరూ, రోజూ వాడే బుడ్డికి మూత రంగు ఇలాగుండదు గదేటి?" అంది. చూస్తే అది డిస్టిల్డ్ వాటర్ కాదు. పొటాషియం క్లోరైడ్, మేమంతా కేసీఎల్ అనేది. దాన్ని పలచన చేయకుండా గబుక్కున నరంలోకి ఎక్కిస్తే ఆరోగ్యంగా ఉన్నవాడి గుండే ఆగిపోతుంది. ఇక కిడ్నీలు పాడైనవాడి ఒంట్లోంచి పొటాషియం బయటికి పోదు, అసలే ఎక్కువగా పేరుకుని ఉంటుంది.

సిస్టర్ ఆ ఆంప్యూల్ పారేసింది. వేరేది తీసుకుంది. పేషెంట్ నాలుగు రోజులకు ఇంటికెళ్లాడు. ఆమె నోరు విప్పకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. కానీ తెల్లారి డ్యూటీ అప్పగించేటప్పుడు ఆమే నా దగ్గరికి వచ్చి, చేతులు వణుకుతుంటే, జరిగింది జరిగినట్టు చెప్పింది.

నేనేం చేశానో తెలుసా? మెమో ఇచ్చాను. "విధి నిర్వహణలో నిర్లక్ష్యం" అని నా చేత్తోనే రాశాను. ఒక రోజు జీతం కట్ చేయమని రికమెండ్ చేశాను. కఠినంగా ఉంటేనే అందరికీ భయం ఉంటుందని నా నమ్మకం.

భయం బాగానే వచ్చింది. తర్వాత తొమ్మిది నెలలు మా రిజిస్టర్‌లో ఒక్క ఎంట్రీ లేదు. మీ ఎండీ గారిలాగే నేనూ సంతోషించాను.

మీ పెట్టె సంగతి కూడా ఇదేనని నా అనుమానం. మీరు రాకముందు మీ ఆస్పత్రిలో ఎవరో ఒకరు నిజం చెప్పి దెబ్బ తిని ఉంటారు. ఆ కథ మీకు తెలియదు, మీ స్టాఫ్ అందరికీ తెలుసు. పాత ఆయమ్మల్నో, పదేళ్లుగా ఉన్న ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్నో టీ తాగుతూ మెల్లగా అడగండి, బయటపడుతుంది. పెట్టె రంగు, ఫారం ఎన్ని పేజీలు, గూగుల్ ఫారమా కాగితమా, ఇవన్నీ తర్వాత. స్టాఫ్ చూసేది ఒక్కటే: పోయినసారి చెప్పినవాళ్లకు ఏమైంది?

మా దగ్గర మార్పు మా తెలివితేటల వల్ల రాలేదు, తిత్లీ తుఫాను వల్ల వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపంతా తుడిచిపెట్టేసింది కదా. కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు, రోడ్ల మీద కొబ్బరి చెట్లు. జనరేటర్ ఉంది, డీజిల్ డ్రమ్ము ఉంది, డ్రమ్ము పెట్టిన గది తాళం మాత్రం ఒకే ఒక్కడి దగ్గర ఉంది, అతని ఊరికి దారి లేదు. డయాలసిస్ మీదున్న ఇద్దరికి మెషిన్ పంపును చేత్తో తిప్పి రక్తం వెనక్కి ఎక్కించాం. పేషెంట్ల వివరాలన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి. టార్చిలైట్లలో సెల్స్ లేవు.

వారం తర్వాత అందరం కూర్చుని ఏమేం తప్పాయో రాశాం. డాక్టర్లు, నర్సులు, వార్డు బాయ్‌లు, వాచ్‌మన్. గంటలో 30కి పైగా వచ్చాయి. తొమ్మిది నెలలు నోరు మెదపని మనుషులు పోటీపడి చెప్పారు. నాకు ఆశ్చర్యం వేసి, ఇన్నాళ్లూ ఇవన్నీ ఎందుకు చెప్పలేదని అడిగాను. భోగి రాత్రి నా మెమో అందుకున్న సిస్టరే జవాబిచ్చింది: "మేడం, ఇందులో తప్పు తుఫానుది. అందుకే చెప్తున్నాం."

అంతకంటే బాగా ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు నాకు.

ఆ రాత్రే భోగి నాటి సంగతి మళ్లీ మొదటి నుంచి ఆలోచించాను. ఈసారి ఎవరు అని కాకుండా ఎందుకు అని. కేసీఎల్ వార్డులోకి ఎందుకొచ్చింది? రాత్రి తొమ్మిదింటికి ఫార్మసీ మూసేస్తారు, అందుకని కొంత సరుకు వార్డుకు ఇచ్చేస్తారు. డిస్టిల్డ్ వాటర్ ట్రేలోనే ఎందుకుంది? వార్డుకు ఒకటే ట్రే. రెండూ ఒకేలా ఎందుకున్నాయి? అంతకుముందు నెలలో రేటు తక్కువని పర్చేజ్ వాళ్లు కంపెనీ మార్చారు, మార్చినట్టు వార్డులో ఎవరికీ చెప్పలేదు. సరే, 24 మందికి ఒక్క సిస్టరే ఎందుకుంది? పండగ లీవులన్నింటికీ సంతకం పెట్టింది నేను. మెమో ఇవ్వాల్సి వస్తే నలుగురికి ఇవ్వాలి, అందులో నా పేరు పైన ఉండాలి.

మర్నాడు ఎండీ గారి దగ్గరికి వెళ్లి, ఆ మెమో వెనక్కి తీసుకోవాలని, కోసిన జీతం ఇచ్చేయాలని అడిగాను. ఇలా మొదలుపెడితే అందరూ అడుగుతారని ఆయన ఒప్పుకోలేదు. మూడుసార్లు తిరిగాను. చివరికి డిసెంబరు జీతంలో ఎరియర్స్ అని ఒక లైను కలిపి వేశారు. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఆ పే స్లిప్పు చేతులు మారి వార్డులన్నీ తిరిగింది. జనవరిలో ఏడు రిపోర్టులు వచ్చాయి.

కాబట్టి మీరు ముందు చేయాల్సింది ఇది. పాత దెబ్బ ఏదో కనుక్కోండి, దాన్ని అందరికీ కనిపించేలా సరిచేయించండి. మీ ఎండీ గారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి: ఇది మొదలైతే రిపోర్టుల సంఖ్య పెరుగుతుంది, అది తప్పులు పెరగడం కాదు, ఇన్నాళ్లూ మంచం కిందున్నవి బయటికి రావడం. ముందే చెప్పకపోతే రెండో నెల గ్రాఫు చూసి ఆయన కంగారుపడి మిమ్మల్నే మార్చేస్తారు.

రెండో సంగతి, చెప్పిన తర్వాత ఏదో ఒకటి మారాలి. మారకపోతే నాలుగోసారి ఎవరూ చెప్పరు. మారడం అంటే మొదటి ప్రయత్నానికే సరైపోతుందని కాదు. కేసీఎల్ విషయంలో మేం ముందు ఎర్ర స్టిక్కర్లు అంటించాం. ఫ్రిజ్ పక్కన తేమకు నెలలో ఊడిపోయాయి, ఊడనివాటికి కళ్లు అలవాటు పడిపోయాయి. తర్వాత వేరే ట్రే పెట్టాం, రద్దీలో రెండు ట్రేలూ ఒక దాంట్లో ఒకటి కలిశాయి. మూడోసారి జనరల్ వార్డుల నుంచి కేసీఎల్ పూర్తిగా తీసేశాం. ఐసీయూలో తాళం పెట్టెలో మాత్రమే ఉంటుంది, తీయాలంటే ఇద్దరు చూసి ఇద్దరూ సంతకం చేయాలి. ఏ మందుకైనా కంపెనీ మారితే కొత్త సరుకు వార్డుకు వెళ్లేలోపు ఒక శాంపిల్ పాత దాని పక్కన పెట్టి నర్సింగ్ వాళ్లకు చూపించాలని పర్చేజ్‌కి రూల్ పెట్టాం. ఇది నిలబడింది. జాగ్రత్తగా ఉండండి అని బోర్డు రాయడం తేలిక. పొరపాటున చెయ్యి వెళ్లినా అక్కడ ఆ వస్తువు లేకుండా చేయడం కష్టం, కానీ పనికొచ్చేది అదే.

మనది చిన్న ఊరు కాబట్టి ఇలా ఉంది అనుకోకండి. అమెరికాలో సియాటిల్ నగరంలో వర్జీనియా మేసన్ అని పేరున్న ఆస్పత్రి ఉంది. టొయోటా కార్ల ఫ్యాక్టరీలో ఏ వర్కరైనా లోపం కనబడితే తాడు లాగి లైను ఆపించవచ్చు కదా, ఆ పద్ధతిని వాళ్లు 2002లోనే ఆస్పత్రికి తెచ్చుకున్నారు. ఆయా నుంచి సర్జన్ దాకా ఎవరైనా పని ఆపమని అలర్ట్ ఇవ్వొచ్చు. అయినా 2004లో అక్కడ ఒక పేషెంట్‌కి, రక్తనాళాలు చూసే పరీక్షలో, నాళాలు ఎక్స్‌రేలో కనబడటానికి ఎక్కించే డై బదులు క్లోర్‌హెక్సిడిన్ ఎక్కించారు. చర్మం తుడిచే మందు. రెండూ రంగులేని ద్రవాలే, పేరు రాయని పాత్రల్లో పోసి ఉన్నాయి. ఆమె చనిపోయింది. ఆ ఆస్పత్రి దాచకుండా మా తప్పే అని బహిరంగంగా చెప్పింది. మీ ఓటీలో, డ్రెస్సింగ్ రూమ్‌లో ఈరోజే వెళ్లి చూడండి, పేరు లేని బౌల్స్, సిరంజీలు ఎన్ని ఉన్నాయో. నేను మొదటిసారి లెక్కపెట్టినప్పుడు ఆ సంఖ్య ఎండీ గారికి చెప్పడానికి సిగ్గేసింది.

చెక్‌లిస్టుల గురించి కూడా అడిగారు. డబ్ల్యూహెచ్‌వో సర్జరీ చెక్‌లిస్టు మీకు తెలిసిందే: 19 అంశాలు, మత్తు ఇచ్చే ముందు ఒకసారి, కోత పెట్టే ముందు ఒకసారి, పేషెంట్ ఓటీ దాటే ముందు ఒకసారి ఆగాలి. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఆపరేషన్ తర్వాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. అది చూసి కెనడాలో ఒంటారియో ప్రావిన్స్ దాన్ని ఆస్పత్రులన్నింటికీ తప్పనిసరి చేసింది. 101 ఆస్పత్రుల లెక్కలు తీసి 2014లో ప్రచురిస్తే, చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని తేలింది. రెండు చోట్లా కాగితం ఒక్కటే. తేడా ఎందుకొచ్చిందన్న దాని మీద పెద్ద చర్చే జరిగింది. నా అనుభవం అడిగితే, ఆగి మాట్లాడుకోవడం వేరు, టిక్ పెట్టడం వేరు. మా ఓటీలో ఒక కాలంలో సాయంత్రం టీ టైమ్‌లో రోజంతటి చెక్‌లిస్టులూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నిండేవి. ఆడిట్‌లో మాకు నూటికి నూరు. పైడిభీమవరం వైపు మందుల ఫ్యాక్టరీలో చేసే మా అక్క కొడుకు కూడా ఇదే మాట చెప్తాడు, ట్యాంకులోకి దిగే ముందు తీసుకోవాల్సిన పర్మిట్ మీద కొందరు ఆఫీసులో కుర్చీలోంచి లేవకుండానే సంతకం పెట్టేస్తారని.

పక్కదారి పడుతున్నాను గానీ, ఇంకొకటి చెప్పాలి. మా అమ్మ జీడిపప్పు బట్టీలో పనిచేసేది. జీడిపిక్క కొట్టినప్పుడు పెంకు నూనె చేతులకు అంటుకుంటే చర్మం కాలిపోతుంది. బూడిద, ఆముదం రాసుకునేవాళ్లు. ఒకసారి యజమాని గ్లౌజులు తెచ్చి ఇచ్చాడు, ఎవరూ వేసుకోలేదు. "మంచి చేసినా తీసుకోరు, వీళ్ల ఖర్మ" అని ఆయన విసుక్కున్నాడు. కూలి కిలో లెక్కన. గ్లౌజు వేసుకుంటే చెయ్యి నెమ్మదిస్తుంది, సాయంత్రానికి డబ్బు తగ్గుతుంది. పిల్లల చదువు కోసం మా అమ్మ చేతులు కాల్చుకుంది తప్ప గ్లౌజు విలువ తెలియక కాదు. వార్డులో సిస్టర్లు చేతులు కడుక్కోవడం లేదని డాక్టర్లు విసుక్కున్నప్పుడల్లా నాకు ఆ బట్టీయే గుర్తొచ్చేది. సింకు వార్డు చివర ఉండేది. సబ్బుతో సరిగ్గా కడుక్కోవాలంటే 40 నుంచి 60 సెకన్లు, పోను రాను నడక వేరే, 24 మంది పేషెంట్లు. పోస్టర్లు పీకేసి ప్రతి మంచానికీ శానిటైజర్ బాటిల్ తగిలించాం. దానితో రుద్దుకోవడానికి 20, 30 సెకన్లు చాలు. ఉపన్యాసం ఏమీ ఇవ్వకుండానే బాటిళ్లు ఖాళీ అవడం మొదలైంది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటారా, సూది గుచ్చుకోవడంతో మొదలుపెట్టండి. పేషెంట్ల ప్రమాదాల కంటే ముందు స్టాఫ్ ప్రమాదాలు. ప్రతి ఆస్పత్రిలోనూ జరుగుతాయి, ఎవరూ చెప్పరు, ముఖ్యంగా చెత్త సంచులు మోసే హౌస్‌కీపింగ్ వాళ్లు. వాళ్లు కాంట్రాక్టు మనుషులు, చెప్తే రేపు రావద్దంటారేమోనని భయం. సూది గుచ్చుకుంటే గంటల్లోనే చూపించుకోవాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు అవసరమైతే ఎంత త్వరగా అంటే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. ఆ మందులు రాత్రి రెండింటికి ఎక్కడ దొరుకుతాయో మీ స్టాఫ్‌కి తెలుసా? హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ హౌస్‌కీపింగ్ వాళ్లకు పడ్డాయా? ఈ రెండూ ఆస్పత్రి ఖర్చుతో ఏర్పాటు చేయించండి. చెప్పడం వల్ల తనకు మేలు జరిగిందని ఒక్క స్వీపరమ్మ అనుభవంతో చెప్పినా చాలు, మీరు పది మీటింగులు పెట్టినా రాని నమ్మకం వస్తుంది.

పెట్టె తీసేయండి, లేదా ఉంచండి, పట్టించుకోకండి. రోజూ ఉదయం డ్యూటీ మారేటప్పుడు పది నిమిషాలు నిలబడి ఒకే ప్రశ్న అడగండి: రాత్రి ఏ పని ఇబ్బంది పెట్టింది? తప్పేం జరిగింది అని అడగొద్దు, ఆ మాటకు ఎవరూ నోరు విప్పరు. గోడకు ఒక వైట్‌బోర్డు, దాని మీద చెప్పిన సమస్య, ఎవరు చూస్తారు, ఎప్పటికి. వారం దాటినా కాని పని ఉంటే ఎందుకు కాలేదో కూడా రాయండి. డబ్బుల్లేక అయితే డబ్బుల్లేక అనే రాయండి. బల్బు మార్చడంలాంటి చిన్నవి ఆ రోజే చేసేయండి. పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర వచ్చే వారం డ్యూటీ లిస్టు మాత్రం నెల ముందే బోర్డు మీద పెట్టించండి. ఆ మంగళవారం మీ ఊళ్లో ఆటో కూడా కదలదు, రాత్రి డ్యూటీకి ఎవరు ఎలా వస్తారో అప్పుడు ఆలోచిస్తే కుదరదు.

ఇదంతా విని, అయితే ఎవరినీ ఏమీ అనకూడదా అని మీ ఎండీ గారు అడుగుతారు. అనాలి. చూసుకోక చెయ్యి తప్పినవాడు వేరు. అందరూ చేస్తున్నారని అడ్డదారి పట్టినవాడు వేరు. తాగి డ్యూటీకి వచ్చినవాడు వేరు. మొదటివాడికి ధైర్యం చెప్పాలి, పని పద్ధతి మార్చాలి. మూడోవాణ్ని పంపేయాలి. చిక్కంతా రెండోవాడితోనే. మా నైట్ చార్టుల్లో ఒకప్పుడు అందరికీ బీపీ 120/80 ఉండేది. చూడకుండా రాసినవే. తప్పు కాదని నేను అనను, కానీ ఒక రాత్రి నేనే ఆ వార్డులో కూర్చుని చూస్తే రెండు బీపీ మెషిన్లలో ఒకటి పనిచేయడం లేదు. దాన్ని బాగుచేయించిన తర్వాత కూడా దొంగ రీడింగులు రాసిన ఒకరికి మెమో ఇచ్చాను. ఆ మెమోను ఎవరూ తప్పుపట్టలేదు.

చివరిగా మీ మూడో చీటీ. ఆ చేతిరాత ఎవరిదో వెతకొద్దు, పొరపాటున కూడా. దాన్ని బంగారంలా చూసుకోండి, మీ ఆస్పత్రిలో మొదటి నిజం అదే. ఫోన్‌లో ఆర్డర్ చెప్పినప్పుడు సిస్టర్ ముందు రాసుకోవాలి, రాసింది తిరిగి చదవాలి, డాక్టర్ గారు అవునని అనాలి. అంకెలు విడివిడిగా పలకాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినపడతాయి. "వన్ ఫైవ్, పదిహేను" అంటే అనుమానం ఉండదు. ఇన్సులిన్ రాసేటప్పుడు యూనిట్స్ అని పూర్తిగా రాయించండి. ఇంగ్లీషు యూ ఒక్కటే గీస్తే అది సున్నాలా కనబడి పది యూనిట్లు వంద అవుతాయి.

అయితే "తిరిగి చదవండి" అని నర్సులకు సర్క్యులర్ ఇస్తే పని జరగదు. తిడతారనే కదా ఆమె మళ్లీ అడగలేదు. కాబట్టి మీ డాక్టర్లలో అందరూ గౌరవించే పెద్దాయన ఎవరో చూసి, ఆయన దగ్గరికి ఆ చీటీ పట్టుకెళ్లండి. ఈ రాత్రి నుంచి ఫోన్ పెట్టేసే ముందు "నేను చెప్పింది ఒకసారి చదవమ్మా" అని ఆయనే అడగాలి. నర్సు అడిగితే ఎదురుచెప్పినట్టు ఉంటుంది, డాక్టరే అడిగితే అది పద్ధతి అవుతుంది. మా దగ్గర ఒక ఫిజీషియన్ గారు ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. మిగతావాళ్లు ఆయన్ని చూసి నేర్చుకున్నారు, ఒక్క ఆర్థోపెడిక్ సర్జన్ గారు తప్ప. ఆయనకు ఫోన్ చేయాల్సి వస్తే నేను రిటైరయ్యేదాకా నేనే చేసేదాన్ని.